విజయదశమి నాటి మొదటి జల్లెడ

గుడియాత్తం వైపు ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. వేలూరు ల్యాబులో ఒకమ్మ ఉండాది, ఆమె తిండీ తిప్పలూ మాని మట్టిని మళ్ళీ పరీక్ష చేసి, బస్సెక్కి వచ్చి, పదిమందిలో మునిరత్నం నాయుడు పరువు నిలబెట్టింది అని. మా ల్యాబులో చెప్పే కథ ఇంకో రకం. కొత్తగా చేరినవాళ్ళకు టీ తాగేటప్పుడు, "మేడం చూపుతోనే తప్పు పట్టేసింది" అంటారు. రెండూ నాకు పొగడ్తలే, రెండూ అబద్ధాలే. ఆ మనిషి పరువు తీసిందే నేను. తిరిగిచ్చేటప్పుడు కూడా రెండు రోజులు ఆలస్యం చేశాను. ఆ రెండు రోజుల మాట ఎవరూ ఎత్తరు. అందుకే నేను రాస్తున్నాను.

2022 అక్టోబరు. వేలూరులో తొరపాడి దాటాక ఉన్న ఒక చిన్న మట్టి పరీక్షల ల్యాబులో అప్పటికి పదమూడేళ్లుగా నేను అనలిస్టును. మూడు గదులు. ఒకదాంట్లో మట్టి ఆరబెట్టడం, దంచడం, జల్లించడం. రెండోదాంట్లో ఆసిడ్లు, ఫర్నేసు. మూడోదాంట్లో రంగు చూసే మిషను, కంప్యూటరు, నేను. నాతో పాటు గోమతి. చదివింది పదో తరగతే అయినా గాజు సామాను కడగడంలో ఆమెకు సాటి లేదు. మామూలు సబ్బుల్లో ఫాస్ఫేట్ ఉండొచ్చని మేం సీసాలను సబ్బు ముట్టకుండా ఆసిడ్‌తో కడుగుతాం. ఒక్క చుక్క సబ్బు నీళ్ళు మిగిలినా భాస్వరం లెక్క మారిపోతుందని ఆమెకు నేర్పింది నేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎవరు ఎవరికి నేర్పారో తర్వాత పనికొస్తుంది.

మునిరత్నం నాయుడుగారికి అరవై దాటి ఉంటాయి. గుడియాత్తానికి ఉత్తరాన, కొండల వైపు నాలుగెకరాలు. వేరుశనగ, అరటి, కొంచెం వరి. మందులూ మూటల ఎరువులూ మానేసి చాన్నాళ్లయింది. ఏటా కోతలయ్యాక గొర్రెల మందను చేన్లో రాత్రిళ్ళు పెట్టించుకునేవాడు. పేడా ఉచ్చా నేరుగా నేలకు. మొదట్లో నవ్విన చుట్టుపక్కలవాళ్ళను ఒక్కొక్కరినే ఒప్పించి పదకొండు మందితో సంఘం కట్టించాడు. పదకొండు మందికీ కలిపి ఒకటే సేంద్రియ సర్టిఫికెట్టు. దాంట్లో చిక్కేమిటంటే, ఒక్కడు దొంగతనంగా మూట వేసి దొరికినా పదకొండు మందిదీ పోతుంది. అందుకని వాళ్ళకు వాళ్ళే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏడాదికొకసారి ప్రతి చేను మట్టీ మా దగ్గరికి వస్తుంది, రిపోర్టు నేరుగా సంఘం పెద్ద దేవరాజులుకు పోతుంది.

మట్టి చూసి మూట వేశారో లేదో ఎట్లా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. నేలలో భాస్వరం రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఖనిజ రూపం, మేం ఇనార్గానిక్ అంటాం. సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ లాంటి ఎరువు మూటల్లో వచ్చేది ఇదే. రెండోది ఆర్గానిక్. ఆకుల్లో, వేళ్ళలో, పేడలో, నేలలోని సూక్ష్మజీవుల్లో ఇమిడి ఉండేది. ఈ రెండోదాన్ని నేరుగా కొలిచే సులువైన దారి లేదు కాబట్టి చుట్టు తిరిగి వెళ్తాం. జల్లించిన మట్టిని ఒక్కో గ్రాము చొప్పున రెండు వంతులు తూస్తాం. ఒక వంతును క్రూసిబుల్‌లో, అంటే వేడికి పగలని చిన్న గిన్నెలో పోసి, మఫిల్ ఫర్నేసులో 550 డిగ్రీల దగ్గర గంటసేపు కాలుస్తాం. ఆర్గానిక్ అంతా కాలి, దాంట్లోని భాస్వరం ఖనిజ రూపంలోకి దిగుతుంది. రెండో వంతును కాల్చం. రెండింటినీ ఆసిడ్‌లో పోసి పదహారు గంటలు షేకర్ మీద ఊపి, వడగట్టి, మాలిబ్డేట్ ద్రావణం కలుపుతాం. నీలం రంగు వస్తుంది. ఎంత నీలం ఉంటే అంత భాస్వరం. కాల్చనిదాంట్లో వచ్చింది ఇనార్గానిక్. కాల్చినదాంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలింది ఆర్గానిక్.

గొర్రెల పేడ వేసిన చేన్లో ఏడాదికేడాది రెండూ మెల్లగా పెరుగుతాయి. మొదటిది ఒక్కటే ఉన్నట్టుండి లేచిందంటే మూట మీదికి అనుమానం పోతుంది.

ఆ ఏడు ఆయుధ పూజకు రెండు రోజుల ముందు ఆయన స్వయంగా మట్టి తీసుకొచ్చాడు. గుడ్డ సంచిలో కిలో మట్టి, మూతికి తాడు కట్టి, పేరు రాసిన చీటీ కుట్టి.

"అమ్మా, పండగైనాక మొదటి జల్లెడ ఎవురిది?"

"ఎవరిదైతే ఏంది నాయుడుగారూ, జల్లెడకు తెలుస్తుందా?"

"జల్లెడకు తెలీకపోతే ఏమమ్మా, నాకు తెలస్తాది కదా. పూజ చేసిన సామానుతో మొదటి పని నాదైతే మంచిది. నాది పెట్టమ్మా."

ఇట్లా అడిగేవాళ్ళు ఏటా ఉంటారు. ఆయుధ పూజ రోజు సామానంతా దేవుడి ముందు పెట్టి, మరునాడు విజయదశమికి ఏదో ఒక పని చేసి మొదలుపెట్టడం మా పక్క అన్ని చోట్లా ఉన్నదే. లారీ అయితే పది అడుగులు నడుపుతారు, మిషను అయితే ఒక కుట్టు వేస్తారు. మేం ఒక మట్టిని దంచి జల్లించి మూసేసి ఇంటికి పోతాం. ఆ ఒక్కటీ ఎవరిదన్నది నా చేతిలో ఉన్న చిన్న మర్యాద. నాకు నచ్చినవాళ్ళకు ఇచ్చేదాన్ని. ఆయనకు ఇచ్చాను.

పూజలో నేను చేసిన పని కూడా దాచకుండా చెప్తాను. గోమతి ప్రతిదానికీ అంచు మీద చిన్న బొట్టు పెట్టి పోతుంటే, నేనే ఆపాను. "అంచుకు పెడితే ఏం లాభం? పనిచేసేది వల కదా" అని విభూతిని నీళ్ళతో తడిపి మూడు వేళ్ళతో జల్లెడ వల మీద అడ్డంగా పట్టెలు దిద్దాను. మట్టి దంచే రోటి లోపల కూడా. ఏటా దిద్దేదాన్ని. విభూతి కూడా అంగట్లో దొరికే సుద్దపొడి కాదు. శివరాత్రికి మా అత్తగారి ఊళ్ళో ఆవు పిడకలు కాల్చి చేసిన అసలు సరుకు. దాన్ని ప్రత్యేకంగా తెప్పించి, అంగడి విభూతి వాడేవాళ్ళను ఎగతాళి చేసేదాన్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. ఆవు పేడ బూడిదలో ఏముంటుందో పరీక్షలో అడిగితే పేజీ నిండా రాసేదాన్ని.

విజయదశమి బుధవారం. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, జల్లెడను రెండుసార్లు తట్టి, మునిరత్నం నాయుడి మట్టిలో సగం రోట్లో దంచి జల్లించాను. కడగలేదు. ఆ రోజు పూజ సామానును నీళ్ళతో కడిగితే పెట్టిన పూజను కడిగేసినట్టని మాకు పట్టింపు.

శుక్రవారం రంగు వచ్చింది. నిరుడు ఆయన చేను ఇనార్గానిక్ కిలో మట్టికి రెండు వందల పది మిల్లీగ్రాములు. ఇప్పుడు మూడు వందల డెబ్బై. ఆర్గానిక్ నిరుడు నూట నలభై, ఇప్పుడు నూట నలభై ఆరు.

ఆ మనిషిని నాకు ఏళ్ళుగా తెలుసు. మట్టి వేయని ఖాళీ సీసాను బ్లాంక్ అంటాం, ఆసిడ్‌లోనో నీళ్ళలోనో తేడా ఉంటే అది పట్టిస్తుంది. బ్లాంక్ శుభ్రంగా ఉంది. తెలిసిన కొలతతో చేసిన స్టాండర్డ్‌లు ఉండాల్సినట్టే ఉన్నాయి. అయినా నమ్మకం లేక అదే జల్లించిన మట్టిని మళ్ళీ తూచి, మళ్ళీ కాల్చి, మళ్ళీ ఊపాను. సోమవారం వచ్చింది మూడు వందల అరవై ఎనిమిది.

రెండుసార్లూ ఒకటే అంకె. దాంతో నా అనుమానం పోయింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ పోయింది. మంగళవారం సంతకం పెట్టి రిపోర్టు దేవరాజులుకు పంపాను. పావుగంటలో ఫోన్.

"అమ్మా, ఈ మూడు వందల డెబ్బై అంటే ఏంది? ఆయప్ప మూట వేసినాడా లేదా, ఒక్క మాట చెప్పండి."

"అది నేను చెప్పకూడదు. ఎంత ఉందో చెప్తాను, ఎట్లా వచ్చిందో కాదు."

"గొర్రెల పేడ నుంచి వచ్చి ఉండొచ్చు కదమ్మా?"

"పేడ నుంచైతే రెండూ పెరగాలండీ. ఇక్కడ ఒకటే పెరిగింది."

"సరేమ్మా, తెలిసింది. శుక్రవారం మీటింగు పెడతాము" అని ఫోన్ పెట్టేశాడు. చెప్పకూడదంటూనే చెప్పేశాను. ఆ మాట శాస్త్రం ప్రకారం తప్పేం కాదు. దాన్ని నిలబెట్టిన మట్టే తప్పు.

బుధవారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చోకుండా నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నేను దొంగనా?"

"ఎవరన్నారు?"

"మీ కాయితం అనింది. దేవరాజులు చదివి వినిపించినాడు. ఎల్లుండి మీటింగులో నన్ను తీసేస్తారంట. నేను కట్టిన సంగమమ్మా అది. నేను పిలిస్తే వచ్చినోళ్ళు వాళ్ళు."

నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాను. తప్పు నాది కాదనుకున్నప్పుడు ఇంకా కాను. "రెండుసార్లు చూశాను నాయుడుగారూ. మట్టి అబద్ధం చెప్పదు."

"మట్టి చెప్పదు, సరే. మట్టికీ కాయితానికీ నడాన మీరుండారు కదా?"

నాకు చుర్రుమంది. పక్క గదిలో గోమతి సీసాల చప్పుడు ఆగిపోయింది. అడగాల్సినవన్నీ వరుసగా అడిగాను. పక్క చేనువాళ్ళ నీళ్ళు మీ చేన్లోకి వస్తాయా? రావు, నా గట్టే ఎత్తు. కోళ్ళ ఫారం ఎరువు? ముట్టను. ఎముకల పొడి? ఛీ. మట్టి ఎక్కడెక్కడ తీశారు? మీరు చెప్పినట్టే, పది చోట్ల, జానెడు లోతు.

"చేన్లో చెత్త కాల్చారా? బూడిద పోశారా?"

"బూడిదా! మా ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చి పదేండ్లాయె. నా నుదుట తప్ప బూడిద యాడుండాదమ్మా?" అని నుదురు చూపించాడు. మూడు పట్టెలు, చెమటకు కొంచెం చెదిరి.

"తమాషాలొద్దు" అన్నాను.

"తమాషా నేను చేస్తాండానా?" అన్నాడు. చెప్పులు వేసుకోవడానికి కూడా వంగకుండా చేత్తో పట్టుకుని ఎండలోకి దిగిపోయాడు.

ఇక్కడే మా ల్యాబు కథలో నేను గభాలున లేచి జల్లెడ పట్టుకుంటాను. అట్లాంటిదేమీ జరగలేదు. నేను అరగంటసేపు ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఎంత పొగరు, నా మీదే అంటాడా అని. గోమతికి కూడా వినబడేటట్టు తిట్టాను. ఆ తర్వాత వేరే మట్టి జల్లించాల్సి వచ్చి లోపలి గదిలోకి పోయాను. గోడకు వరుసగా జల్లెళ్ళు తగిలించి ఉన్నాయి. ఆ వారం వాడిన జల్లెడ శుభ్రంగా ఉంది. దాని పక్కన, పండగ తర్వాత ఇంకా ఎవరూ ముట్టని జల్లెడ వల మీద మూడు తెల్లటి పట్టెలు. అవి నా వేళ్ళవి. అప్పుడు గానీ నుదురూ జల్లెడా నా బుర్రలో ఒక చోటికి రాలేదు.

మొదటి మట్టి పట్టెల మీదుగా దిగింది. విభూతి మట్టిలోనే కలిసిపోయింది. కాల్చిన వంతులోనూ ఉంది, కాల్చని వంతులోనూ అంతే ఉంది. బూడిదలో భాస్వరం అప్పటికే ఖనిజం. తీసివేతలో రెండు పక్కలా కొట్టుకుపోతుంది కాబట్టి ఆర్గానిక్ కదలదు, ఇనార్గానిక్ ఒక్కటే లేస్తుంది. మూట వేసిన చేను ఎట్లా కనబడుతుందో అచ్చం అట్లా. అదే మట్టిని పదిసార్లు కొలిచినా అదే అంకె వస్తుంది. నేను నిజాన్ని రెండోసారి చూడలేదు, అదే తప్పును రెండోసారి కొలిచాను.

పూజ అరలోంచి విభూతి చిటికెడు తీసి ఆసిడ్‌లో వేశాను. గోమతి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, అది దేవుడి దగ్గరిది!"

"దేవుడి దగ్గర ఇంకా ఉందిలే, ఉండవే."

వడగట్టి, ఒక్క చుక్క తీసుకుని, నీళ్ళు బాగా కలిపి, మాలిబ్డేట్ పోశాను. పది నిమిషాల్లో సీసా అడుగు కనబడనంత నీలం. మిషనులో పెట్టాల్సిన పని లేకపోయింది. గోమతి ఆ సీసా వంకా గోడ మీది జల్లెడ వంకా చూసి, "అయ్యయ్యో అక్కా" అని ఊరుకుంది. అంచుకు పెట్టి పోయే మనిషిని నేనే ఆపానని ఆమె అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది, తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని.

ఇప్పుడు ఆ రెండు రోజుల మాట. బుధవారం సాయంత్రం ఐదు గంటలకు నాకు సంగతి తెలుసు. దేవరాజులు నంబరు ఫోన్‌లోనే ఉంది. నొక్కితే చాలు, "ఆ రిపోర్టు పక్కన పెట్టండి, అనుమానం ఉంది" అంటే చాలు. నేను చేయలేదు.

నాకు నేను చెప్పుకున్న కారణం గొప్పగా ఉంది. చిటికెడు విభూతి నీలంగా వచ్చినంత మాత్రాన ఆయన మట్టిలో పడింది అదేనని రుజువు కాదు, మిగిలిన సగం మట్టిని కడిగిన జల్లెడతో మళ్ళీ చేసి అంకె చేతిలో పెట్టుకుని చెప్పాలి, శాస్త్రం అంటే అదీ. నిజం ఏమిటంటే నాకు భయం వేసింది. పదమూడేళ్ళు ఊరందరి చేతా శుభ్రంగా పనిచేసే మనిషి అనిపించుకున్నదాన్ని. జల్లెడకు బొట్టు పెట్టి రైతును దొంగను చేసింది అనే మాట దేవరాజులు నోట్లో పడితే ఎంత దూరం పోతుందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. మొదటి రిపోర్టు పంపేటప్పుడు ఇంత రుజువు నేను అడగలేదు. తప్పు ఒప్పుకునే దగ్గరికి వచ్చేసరికి శాస్త్రం గుర్తొచ్చింది.

గురువారం ఎనిమిదింటికల్లా ల్యాబులో ఉన్నాను. సంచిలో దంచకుండా మిగిలిన సగం మట్టిని ఆసిడ్‌తో కడిగిన రోట్లో దంచాను, కడిగి ఆరబెట్టిన జల్లెడలో జల్లించాను. దానితో పాటు భాస్వరం లేకుండా శుభ్రం చేసిన ఇసుకను పట్టెలున్న జల్లెడ మీదుగా దించి అదీ తూచాను. నా విభూతి ఎంత రాలుతుందో ఆ ఇసుకే చెప్పాలి. ఆ రోజు దేన్ని ముట్టుకున్నా అనుమానమే. గిన్నెలు మూడుసార్లు కడిగించాను, చేతులు ఎన్నిసార్లు కడిగానో తెలియదు. గోమతి నుదుట ఉన్న విభూతి కూడా తుడిచెయ్యమన్నాను. ఆమె తుడుచుకుని, కొంగుతో నా నుదురు కూడా తుడిచింది. నాకూ ఉందన్న సంగతి నాకు గుర్తులేదు.

ఫర్నేసులో గంట. తర్వాత షేకర్. పదహారు గంటలను తగ్గించే ఉపాయం లేదు. శుక్రవారం పొద్దున వడగట్టి రంగు తెప్పించాను. ఇనార్గానిక్ రెండు వందల పద్దెనిమిది. ఆర్గానిక్ నూట నలభై ఐదు. నిరుటి కంటే రెండూ కొంచెం పెరిగాయి, గొర్రెల మంద పెట్టిన చేను పెరగాల్సినంత. ఏ భాస్వరమూ లేని ఇసుక మాత్రం నీలంగా మెరుస్తోంది.

అప్పుడైనా ఫోన్ చేయొచ్చు. చేశాను, దేవరాజులు ఎత్తలేదు. కాగితం తీసుకుని పళ్ళికొండ మీదుగా పోయే బస్సెక్కాను. పళ్ళికొండ దగ్గర రోడ్డు పనుల వల్ల బస్సు ఎంతసేపు ఆగిందో అంతసేపూ లేచి నిలబడే ఉన్నాను. కండక్టర్, "కూర్చోమ్మా, నిలబడితే బండి కదల్తాదా?" అన్నాడు.

మీటింగు గుడియాత్తంలో ఒక వేరుశనగ మండీ వెనక రేకుల షెడ్డులో. నేను పోయేసరికి మొదలైపోయింది. పదిమంది ఒకవైపు, మునిరత్నం నాయుడు ఒక్కడూ ఇంకో వైపు బెంచీ మీద. నడుమ నేల మీద ఒక పాత డీఏపీ గోనె పరిచి ఉంది. ప్లాస్టిక్‌ది, రంగు వెలిసి, అంచులు కుట్టి.

నేను నిలబడే చెప్పాను. జల్లెడకు విభూతి పెట్టింది నేను, దాంట్లో మట్టి జల్లించింది నేను, తప్పు రిపోర్టు పంపింది నేను, ఇది సరైన రిపోర్టు, ఆయన ఏ మూటా వేయలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంకెలు చదివాను. ఇసుక సంగతి కూడా చెప్పాను.

దేవరాజులు, "పోనీలేమ్మా, మంచి టయానికే వచ్చినారు, అంతా ఆ తల్లి మహిమ" అన్నాడు.

"ఏ తల్లి మహిమా కాదు, నా తప్పు" అన్నాను.

వెనక నుంచి ఎవరో, "అమ్మ ఒప్పుకున్నాది కదప్పా, ఇంకేమి, కాఫీ చెప్పండి" అన్నారు. అందరూ ఒక్కసారిగా లేచి మాట్లాడడం మొదలుపెట్టారు. అంతా అయిపోయినట్టే. ఇద్దరు ముగ్గురు మునిరత్నం నాయుడి భుజం తట్టారు. ఆయన కదల్లేదు. వంగి, నేల మీది గోనెను తీసి, దుమ్ము దులిపి మడత పెట్టుకున్నాడు. నేను దగ్గరికి పోయాను.

"ఈ గోనె ఏంది నాయుడుగారూ?"

"నేను మూటలు వేసే కాలం నాటిది. మా ఆడామె దీని మీద మిరపకాయలు ఎండబోసుకుంటాది. నిన్న పొద్దున వీళ్ళు ఇంటికొచ్చి గదులన్నీ వెతికినారు. ఇది దొరికింది. ఫోటో తీసుకున్నారు." నా వంక చూసి అడిగాడు. "మీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

ఈ పొద్దున, అని నా నోటి చివర ఉంది. ఎవరూ పట్టుకోలేని మాట. అంకెలు వచ్చింది ఆ పొద్దునే.

"బుధవారం సాయంత్రం" అన్నాను.

"వీళ్ళు వచ్చింది బేస్తవారం పొద్దున" అన్నాడు.

అంతే. తిట్టలేదు. గోనెను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు కాఫీ తాగకుండా వచ్చేశాను, అక్కడి వాళ్ళు దాన్ని కూడా నా గొప్పతనంగానే చెప్పుకుంటున్నారు.

సంఘం నిలబడింది, ఆయనా సంఘంలోనే ఉన్నాడు. మరుసటేడు ఆయన చేను మట్టిని వేరే ఎవరో తెచ్చారు. మొదటి జల్లెడ కావాలని అడగలేదు. ఇప్పుడు మా ల్యాబులో ఆయుధ పూజకు విభూతి ఫర్నేసు తలుపు బయట, గది గడపకు మాత్రమే. జల్లెళ్ళూ రోళ్ళూ గిన్నెలూ బీరువాలో ఉంటాయి. మొదటి ఏడు గోమతి ముఖం మాడ్చుకుని, "సరస్వతమ్మకు కోపం వస్తే ఎట్లా అక్కా?" అంది. "వస్తే నాతో మాట్లాడమను" అన్నాను. అనుమానం వచ్చిన అంకెను ఇప్పుడు జల్లించిన మట్టితో మళ్ళీ చూడను. సంచి దగ్గరికి, మొదటికి పోతాను. అనుమానం రాగానే ఫోన్ చేస్తాను, అంకె తర్వాత చెప్తానంటాను. ఈ రెండూ నేర్చుకున్నాను. వీటిని ఎవరడిగినా చెప్తాను.

ఎవరూ అడగనిది ఇంకొకటుంది. ఆ ఏడు ఆయన తర్వాత అదే జల్లెడలో దిగిన రెండో మట్టి, మూడో మట్టి కూడా మళ్ళీ చేశాను. రెండోది ఆలంగాయం వైపు రైతుది, కొంచెం తేడా వచ్చింది, పిలిచి చెప్పాను. కానీ విభూతి నేను ఆ ఒక్క ఏడే పెట్టలేదు. పాత రిజిస్టర్లు దించి విజయదశమి నాటి పేర్లు వెతికాను. పన్నెండు విజయదశములు, పన్నెండు పేర్లు. నేను మర్యాద చేయాలనుకున్న పన్నెండు మంది. మట్టి మేం ఆరు నెలలకు మించి దాచం, కాబట్టి మళ్ళీ కొలవడానికి ఏమీ లేదు. ఆ రిపోర్టుల్లో చాలావాటి కింద నా చేతిరాతే ఉంది. భాస్వరం ఎక్కువగా ఉంది, ఈ పంటకు సూపర్ వేయనక్కర లేదు.

దొరికిన నంబర్లకు ఫోన్ చేశాను. కొందరు చేలు అమ్మేశారు, కొందరికి గుర్తులేదు. ఆంబూరు దగ్గర వేరుశనగ వేసే ఒకామెకు మాత్రం బాగా గుర్తుంది. "మీరు వద్దన్నారని ఆ ఏడు సూపర్ మానేస్తిమి కదమ్మా. చెట్టు బాగా లేసింది, కాయే పట్టలేదు. ఏం చేస్తాము, ఆ ఏడు వాన కూడా సరిగా లేదు. వానదే అనుకున్నాము" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

ఆమెకు ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఏదో అని పెట్టేశాను. భాస్వరం తక్కువైనా వేరుశనగ కాయ పట్టదు, ఊడలు దిగేటప్పుడు వాన లేకపోయినా పట్టదు. రెండూ బయటికి ఒకేలా కనబడతాయి. ఏ ఫర్నేసులో కాల్చి, దేంట్లోంచి దేన్ని తీసేస్తే ఇప్పుడు ఇది తేలుతుందో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పండి. ఆ ఏడు ఆమె చేన్లో కాయ పట్టనిది వాన వల్లా, నా మూడు వేళ్ళ వల్లా?